గది వేడి: ఇరవై నాలుగు

పరీక్ష 1409
బల్ల: ఏడు. పలక మందం: ఒకటిన్నర మిల్లీమీటర్లు. గది వేడి: 24. ఆట సాగిన సమయం: 15 నిమిషాల 10 సెకన్లు. ఫలితం: పాస్.

గమనికలు:

ఈ గడిని ఎవరూ చదవరు. రెండేళ్ల క్రితం ఇందులో 'మా సర్దార్ ఈ పలక మీద కూర్చుని అన్నం తిన్నాడు, అయినా పనిచేస్తోంది' అని రాశాను. ఎవరూ పిలిచి అడగలేదు. అప్పటి నుంచి నాకు చెప్పాలనిపించినవన్నీ ఇక్కడే రాస్తున్నాను.

పేరు మొగిళి. వయసు ఇరవై మూడు. ఏడో బాయి, అంటే పాత బొగ్గుగని, నాలుగో లెవెల్, ఆటల బల్ల. పొద్దున ఎనిమిదికి మస్టర్‌లో హాజరు పడితే సాయంత్రం నాలుగు దాకా పలకల మీద ఆటలు ఆడటమే డ్యూటీ. ఆడుకుంటే కూడు పెడుతున్నారని, గనిలోకి దించే చైర్‌కారు ఎక్కిన ప్రతివాడూ నన్ను చూసి నవ్వుతాడు. వాడొచ్చి ఒకే తాడువంతెనను రోజుకు ఇరవైసార్లు దాటి చూడాలి. అప్పుడు నవ్వాలి.

పని ఇంతే. రోజుకో పెట్టె కొత్త పలకలు వస్తాయి, పెట్టెకు ఒక ఫారం. ఒక్కోదాంట్లో వంతెన ఆట పెడతాను. సెకనుకు అరవై ఫ్రేములు తగ్గకుండా పదిహేను నిమిషాలు ఆడితే పాస్ ముద్ర. ఆడుతుంటే లోపలి చిప్ వేడెక్కుతుంది. వేడి ఎక్కువైతే పలక తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ముప్పై ఫ్రేముల కిందికి పడిందా, ఆట తెగిపోతుంది. లోపల ఫ్యాన్‌కు చోటు లేదు. వేడి పోవడానికి వెనక మూత తప్ప దారి లేదు. ఇవేవీ నాకు ఎవరూ నేర్పలేదు. చచ్చిన పలకలు విప్పి, వేళ్లు కాల్చుకుని నేర్చుకున్నాను.

నేను చేరినప్పుడు పలక మందం నాలుగు మిల్లీమీటర్లు. తర్వాత మూడు. తర్వాత రెండు. ఇప్పుడు ఒకటిన్నర. ఇంత సన్నం ఎవరడిగారని మా పని చూసే సర్దార్‌ను అడిగితే, పైకి పోయే బండిలో బరువుకు లెక్క ఉందనీ, సన్నగా ఉంటే ఎక్కువ పడతాయనీ అన్నాడు. ఆయన చెప్పేదాంట్లో తప్పు ఉండదు. అందుకే ఆయనంటే నాకు మంట.

ఈ ఒకటిన్నర పలక పది సెకన్ల తేడాతో పాసయింది. ముద్ర వేశాను.

పరీక్ష 1411
బల్ల: ఏడు. మందం: ఒకటిన్నర. గది వేడి: 24. సమయం: 15 నిమిషాల 20 సెకన్లు. పాస్.

గమనికలు:

మధ్యాహ్నం రెండింటికి అన్నం బెల్లు కొడతారు. అందరూ డబ్బాలు తెరుస్తారు. నేను నా సొంత పలక తెరుస్తాను.

పక్కన ఎనిమిదో బల్ల మధునవ్వది. అరవై దాటిన ముసలిది. బొగ్గు అయిపోయాక, పైన ఎండలు బతకనివ్వక జనమంతా ఈ పాత బాయిల్లోకి దిగినప్పుడు ఆమెకు పదేళ్లు. నేను ఇక్కడే పుట్టాను. ఆమె డబ్బా మూత తీస్తూ రోజూ ఒకటే మాట అంటుంది.

"పోరడా, అన్నం చల్లారుతది. ఆ పిల్లేమన్న నీకు ముద్దలు కలిపి పంపుతదా?"

ఆ పిల్ల పేరు భూదేవి. భూమి లోపల పుట్టిన పిల్లకు ఆ పేరు పెట్టారు. పద్నాలుగు నెలల క్రితం దాకా ఈ ఎనిమిదో బల్ల ఆమెదే. పొద్దున కూర్చునే ముందు బాయిలో ఎవరైనా టాప్ కొట్టి చూస్తారు, అంటే ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి వింటారు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగితే రాయి వదులైంది, అక్కడి నుంచి లేవాలి. భూదేవి తన బల్లతో పాటు నా బల్ల పైన కూడా తట్టేది. నాకు బద్ధకం. ఆమె తట్టి, తల ఊపితే నేను కూర్చునేవాణ్ని.

ఇప్పుడు ఆమె పైన ఉంది. మూడు వందల కిలోమీటర్ల అవతల అద్దాల చేలు ఉన్నాయి. మన బల్బులు, ఫ్యాన్లు, ఈ పలకలు అన్నీ ఆ చేల కరెంటు మీదే నడుస్తాయి. ఆ అద్దాల మీది దుమ్ము తుడవడానికి మూడేళ్ల ఒప్పందం మీద మనుషులు పోతారు. చీటీలో పేరొస్తే పోతారు. భూదేవి పేరు చీటీలో రాలేదు. తనంతట తనే చెయ్యెత్తింది. నాకు చెప్పలేదు. బండి ఎక్కే రోజు పొద్దున మధునవ్వ చెబితే తెలిసింది. సాగనంపడానికి నేను పోలేదు. ఆ రోజు ముప్పై పలకలు పరీక్షించాను.

పైవాళ్లతో మాట్లాడటానికి మనలాంటివాళ్లకు దారి లేదు. మాటల దారి మేస్త్రీలకే. ఉత్తరాలు నలభై రోజులకోసారి బండిలో వస్తాయి. ఆటకు మాత్రం దారి ఉంది. పైన మధ్యాహ్నం ఎవరూ తాము ఉండే డబ్బాల్లాంటి రేకుగదులు దాటి బయటికి రాలేరు. పిచ్చెక్కకుండా రెండింటికి అరగంట ఆట ఇచ్చారు.

వంతెన ఆటకు ఇద్దరు కావాలి, పరీక్షల్లో రెండో బొమ్మను పలకే నడిపిస్తుంది. ఇద్దరి నడుములకూ ఒకే తాడు. కింద నది, పక్క నుంచి గాలి, కాళ్ల కింద విరిగే చెక్కలు. పద్నాలుగు నిమిషాలు పడకుండా నడిస్తే అవతల ఒక అరుగు వస్తుంది. ఆ అరుగు మీద కూర్చున్నాకే గొంతులు తెరుచుకుంటాయి. ఆట చేసినవాడు బహుమతిగా పెట్టాడు దాన్ని. వాడికేం తెలుసు.

పద్నాలుగు నెలల్లో మేం ఒక్కసారీ అరుగు చేరలేదు.

పరీక్ష 1414
బల్ల: ఏడు. మందం: ఒకటిన్నర. గది వేడి: 24. సమయం: 15 నిమిషాల 5 సెకన్లు. పాస్.

గమనికలు:

ఇవాళ ఆరు నిమిషాలకే తెగింది. 'ఎదుటివారు జారిపోయారు' అని వచ్చింది. ప్రతిసారీ అదే వస్తుంది.

మొదట్లో పన్నెండు నిమిషాలు వచ్చేది. తర్వాత పది. గత నెల నుంచి ఎనిమిది, ఏడు. ఇవాళ ఆరు. నా పలక ఒక్కసారి కూడా నెమ్మదించలేదు. పలకల్లో లోపం లేదు. అక్కడికి పోయే పలకలన్నీ ఈ బల్లల మీద పాసైనవే. పదిహేను నిమిషాలు ఆడతాయని ముద్ర వేసినవాణ్ని నేనే. మరి ఎవరు జారుతున్నట్టు? ఆమే. కావాలనే తాడు వదిలేస్తోంది. అరుగు దాకా వస్తే మాట్లాడాల్సి వస్తుందని భయం.

మధునవ్వతో ఇదే అన్నాను. ఆమె నవ్వలేదు. అంత వద్దనుకునే పిల్ల రోజూ రెండింటికి నీకంటే ముందే వచ్చి ఎందుకు నిలబడుతుందని అడిగింది.

అది నిజమే. రోజూ ఆమే ముందు వస్తుంది. నేను పలక తెరిచి, ఆట గుర్తు మీద వేలు పెట్టుకుని ఆగుతాను. ఆమె వచ్చినట్టు పచ్చచుక్క వెలిగాకే లోపలికి పోతాను. చెప్పకుండా పోయింది ఆమె. నేనెందుకు ముందు పోయి ఎదురుచూడాలి? ఆమె రావాలి, నిలబడాలి, అప్పుడు నేను రావాలి. నాకున్న పంతం అదొక్కటే. దాన్ని పద్నాలుగు నెలల్లో ఒక్కరోజూ తప్పలేదు.

నేను రాగానే ఆమె బొమ్మ తాడును రెండుసార్లు లాగుతుంది. నేను లాగను. నడవడం మొదలుపెడతాను.

మాటల్లేవు. మానడమూ లేదు.

పరీక్ష 1417
బల్ల: ఏడు. మందం: ఒకటిన్నర. గది వేడి: 24. సమయం: రాయలేదు.

గమనికలు:

బండి వచ్చింది. ఉత్తరం వచ్చింది.

వెళ్లిన కొత్తలో రెండు రాసింది. రెండింటి నిండా ఆకాశం. పొద్దున ఎట్లా ఉంటుంది, పొద్దుగూకేటప్పుడు ఎట్లా ఉంటుంది. నేను జవాబు రాయలేదు. అప్పుడు మానేసింది. ఇది మూడోది. ఆకాశం లేదు. ఆమె రాసింది రాసినట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను:

"మొగిళీ, నువ్వు చదువుతవో చింపుతవో నాకు తెల్వది. కొత్త పలకలు వచ్చినయి. మా రేకుగదిల మధ్యాహ్నం నలభై ఆరు ఉంటది. పలక పట్టుకుంటే పెనం పట్టుకున్నట్టే. ఆరు నిమిషాలకు బొమ్మ ఆగి ఆగి నడుస్తది, ఏడో నిమిషం నేను నీళ్లల్ల ఉంట. పక్కగది పిల్లకు అరచెయ్యి బొబ్బలెక్కింది. గిసొంటి పలకను ఎవడు పాస్ చేసిండో, వాన్ని తెచ్చి ఇక్కడ ఒక్క పూట కూసోబెట్టాలె అని మేమంత తిట్టుకున్నం. ఇయ్యాల మూత ఊడదీసి చూసిన. లోపల బల్ల నంబరు ఉంటది గదా. ఏడు. జరసేపు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు."

నాలుగుసార్లు చదివాను.

ఈ ఫారం చూడండి. 'గది వేడి: 24' అని ఉంది చూశారా? అది నా చేతిరాత కాదు. అచ్చు వేసి వస్తుంది. బాయిలో ఎప్పుడూ ఇరవై నాలుగే. నేను పుట్టినప్పుడూ అంతే, ఇవాళా అంతే. వేడిని పరీక్షించే బల్లను ఎప్పుడూ చల్లగా ఉండే చోట పెట్టుకున్నాం, ఎందుకంటే మేం అక్కడే ఉంటాం. దీనికి కంపెనీని తిట్టాలని చూశాను. నోరు రాలేదు. పద్నాలుగు వందల పదహారుసార్లు ఆ అంకె పక్కనే నా వేలు పెట్టి ముద్ర వేశాను. ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

చచ్చిన పలకలు విప్పి అన్నీ నేర్చుకున్నానని పైన రాశాను. చదివితే సిగ్గేస్తోంది. కొట్టేయను, ఉండనీ.

పరీక్ష 1418
బల్ల: ఏడు. పరీక్ష జరగలేదు.

గమనికలు:

మా సర్దార్ పేరు రాయమల్లు. పాత బాయి రోజుల్లో సర్దార్ అంటే పైకప్పు గట్టిదా కాదా అని ముందు చూసి, మనుషులను లోపలికి పంపేవాడు. ఇప్పుడు ఫారాలు లెక్కపెట్టేవాడు.

పలకలను నలభై ఆరులో పరీక్షించాలన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, ఫారంలో అచ్చయిన అంకెను మార్చే గడి లేదన్నాడు. కలంతో కొట్టేస్తానన్నాను. నలభై ఆరు ఎక్కడి నుంచి తెస్తావన్నాడు. పైకి పోతానన్నాను.

 పట్టపగలు పైకి పోయేవాడు ఈ బాయిలో ఎవడూ లేడు. చివరికి ఒక చీటీ రాసిచ్చాడు. ఇరవై ఐదు నిమిషాలు, తడిగుడ్డ తప్పనిసరి, ఒంటరిగా పోరాదు. ఎవరు తోడు వస్తారని అడిగితే వెనక నుంచి మధునవ్వ లేచింది.

"నేనొస్త. సచ్చెలోపల ఒక్కపారి ఎండ సూడాలె."

పరీక్ష 1419
బల్ల: లేదు. చోటు: బాయి మూతి, పాత లాంపుగది. మందం: ఒకటిన్నర, రెండు పలకలు. గది వేడి: ~~24~~ 46.

గమనికలు:

చైర్‌కారు రెండో లెవెల్ దాకే నడుస్తుంది. మిగతాది నడిచాం. మధునవ్వ నెత్తిన తడి తువ్వాల, చేతిలో నీళ్లసీసా. నా సంచిలో రెండు పలకలు. ఒక్కో మలుపుకూ గాలి ముఖాన పొయ్యి తెరిచినట్టు వచ్చింది.

లాంపుగది అంటే పాత రోజుల్లో బాయి దిగే ముందు నెత్తిదీపాలు తీసుకునే చోటు. పైన రేకు. సగం ఎగిరిపోయింది. కూర్చోబోతూ అలవాటుగా కడ్డీ కోసం చేయి చాచాను. తల ఎత్తాను. తట్టడానికి ఏమీ లేదు. తెల్లగా, అంతు లేకుండా, ఖాళీ.  రాయి పడుతుందేమోనన్న భయం నాకు పుట్టుకతో ఉంది గానీ, పడటానికి ఏమీ లేకపోతే ఇంత భయం వేస్తుందని తెలియదు. రెండు ఉత్తరాల నిండా భూదేవి రాసింది దీని గురించే. మధునవ్వ నా భుజం పట్టుకుని, కిందికి చూడు బిడ్డా, పలక చూడు అంది.

ఆమె ఒక పలక, నేను ఒక పలక. అవ్వ ముందు తెరిచింది. నేను వెనక వెళ్లాను. ఇద్దరం వంతెన ఎక్కాం. ఆమె పలక అయిదు నిమిషాల నలభై సెకన్లకు ముప్పై ఫ్రేములకు పడింది. నాది అప్పటికి యాభై ఎనిమిది దగ్గర ఉంది. ఒకే మందం, ఒకే పెట్టెలోవి, ఒకే నీడ. ముసలావిడ చేతుల వేడేమో అనుకుని పలకలు మార్చుకున్నాం. చల్లబడేదాకా తడిగుడ్డలో చుట్టి, మళ్లీ ఆడాం. అవ్వే ముందు తెరిచింది. మళ్లీ అవ్వ పలకే పడింది.

మూడోసారి నేను ముందు తెరిచాను. నా పలక పడింది. అయిదు నిమిషాల ముప్పై.

అప్పుడు అర్థమైంది. ఎవరు ముందు వస్తే ఆట వాళ్ల పలకలో కూర్చుంటుంది. గాలి ఎటు వీస్తుందో, తాడు ఎంత ఊగుతుందో, ఏ చెక్క ఎప్పుడు విరుగుతుందో, ఇద్దరి తరఫునా లెక్క కట్టేది ఆ ఒక్క పలకే. వెనక వచ్చినవాడి పలక బొమ్మ గీసి ఊరుకుంటుంది. బరువంతా ముందు వచ్చినవాళ్లదే.

పద్నాలుగు నెలలు ఆమె ముందు వచ్చింది. నలభై ఆరులో కూర్చుని, నా గాలినీ నా తాడునూ నా చెక్కలనూ కూడా ఆమె పలకే మోసింది. నేను ఇరవై నాలుగులో, చల్లగా, వేలు గుర్తు మీద పెట్టుకుని, పచ్చచుక్క వెలిగేదాకా ఆగాను. పంతం అన్నాను దాన్ని.

మధునవ్వకు చెప్పాను. ఎండలో ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, దేనికో తెలియదు.

"అది గూడ నీకు యంత్రమే చెప్పాల్నా?" అంది.

ఫలితం: ఫెయిల్. రెండు పలకలూ. ముద్ర లేదు, చేతితో రాశాను.

పరీక్ష 1420
గది వేడి: 24. పరీక్ష జరగలేదు.

గమనికలు:

ఫెయిల్ ఫారం సర్దార్ బల్ల మీద పెట్టాను. అంకె కొట్టేసి నలభై ఆరు వేసిన ఫారం. ఆయన చదివాడు. గమనికల గడి చదవలేదు, అంకెలే చదివాడు.

తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఇది పంపితె ఏమైతదో ఎర్కనా నీకు? పలకలు మందం జేస్తరనుకుంటున్నవా? మీద ఆట బందు పెడ్తరు. పలక పనికిరాదంటె ఆట అక్కెర్లేదంటరు. చిప్పు వేడి లేదు, చెయ్యి కాలుడు లేదు, ఫైలు క్లోజు. నీకు గా అరగంట గూడ ఉండదు. మంచిగ ఆలోచించుకో, రేపు పొద్దున చెప్పు."

ఆయన చెప్పేదాంట్లో తప్పు ఉండదని ముందే రాశాను.

ఫారం మడిచి చొక్కాజేబులో పెట్టుకున్నాను. ఇది పంపకపోతే నా దగ్గర ఒక ఉపాయం ఉంది. రేపటి నుంచి నేనే ముందు పోతాను. బరువు నా పలక మోస్తుంది, ఇక్కడి చల్లదనంలో. ఆమె పలక పద్నాలుగు నిమిషాలు ఆగొచ్చు. అరుగు చేరొచ్చు. రోజూ చేరొచ్చు. ఇంకా ఇరవై రెండు నెలలు, రోజూ రెండింటికి ఆమె గొంతు. ఎవరికీ తెలియదు. ఎవరూ అడగరు.

రెండింటికి బెల్లు కొట్టారు. అందరికంటే ముందు పలక తెరిచి లోపలికి పోయాను. మొదటిసారి ఆ వంతెన మొదట్లో ఒక్కణ్నే నిలబడ్డాను. అక్కడ ఏం ఉంటుందో నాకు తెలియదు. ఒక రాయి ఉంది. కూర్చోవచ్చు. గాలి వీస్తుంది, తాడు కొస ఖాళీగా కొట్టుకుంటుంది. ఎదుటి మనిషి వచ్చేదాకా చూడటానికి వేరే ఏమీ లేదు. రోజూ ఆమె ఇక్కడ ఉండేదన్నమాట.

అరగంట కూర్చున్నాను. ఆమె రాలేదు.

పలక చచ్చిందా, చెయ్యి కాలిందా, నా కోసం చూసి చూసి విసిగిందా. ఇక్కడి నుంచి తెలుసుకునే దారి లేదు.

జేబులో ఫారం ఉంది. పక్కగది పిల్ల అరచెయ్యి గుర్తొచ్చింది. ఆ పిల్లకు వంతెనకు ఈ పక్క ఎవరున్నారో, వాళ్లకు ముందు రావాలని ఎవరు చెబుతారు? పైన పదకొండు చేలు ఉన్నాయి. ప్రతి పలక మూత లోపల ఒక బల్ల నంబరు ఉంది.

సర్దార్ దగ్గరికి పోయి ఫారం ఇచ్చేశాను. రేపటిదాకా ఆగలేదు. ఆయన తీసుకుని, సంతకం పెట్టేటప్పుడు మాత్రం తన పేరు పూర్తిగా రాశాడు. ఎప్పుడూ పొడి అక్షరాలే పెట్టేవాడు.

పరీక్ష 1421
గది వేడి: 24. మందం: ఒకటిన్నర. పరీక్షలు నిలిపివేశారు.

గమనికలు:

నోటీసు వచ్చింది. ఒకటిన్నర పలకలు ఇక చేయరు. పాత నాలుగు మిల్లీమీటర్లవి మళ్లీ చేస్తారు. తేదీ లేదు. అవి వచ్చేదాకా అద్దాల చేలల్లో ఆట సమయం రద్దు. శనివారం ఆఖరు.

ఇవాళ గురువారం. నిన్నటిలాగే ఇవాళా ముందు పోయి రాయి మీద కూర్చున్నాను. ఆమె రాలేదు. మధునవ్వ డబ్బా తెరిచి, తనూ తినకుండా కూర్చుంది. ఆమె ఏదో ఒకటి అంటేనే బాగుండేది.

కూర్చున్నంతసేపూ ఒకే విషయం గుర్తొచ్చింది. వాన చూడాలని ఉందని భూదేవి ఎన్నిసార్లు అనేదో. బాయిలో వాన అంటే పంపుల మోత పెరగడం, గోడలు చెమ్మగిల్లడం. అదే వాన, చూసుకో అని నేను గోడ చూపించి నవ్వేవాణ్ని. నవ్వినందుకే నాకు చెప్పకుండా పోయిందని ఈ రాయి మీద కూర్చున్నాక తెలిసింది. కారణం అడగాలని పద్నాలుగు నెలలు దాచుకున్నాను. ఆ కారణం నా దగ్గరే ఉంది.

పరీక్ష 1422
చోటు: బల్ల ఏడు. నా సొంత పలక. మందం: ఒకటిన్నర. గది వేడి, ఇక్కడ: 24. గది వేడి, అక్కడ: తెలియదు. సమయం: 16 నిమిషాల 30 సెకన్లు.

గమనికలు:

శనివారం. నా పలక వెనక మూత తీసేసి, తడిపిన గోనె మీద పెట్టాను. మూత తీయడం నేరం. రాసుకోండి.

రెండింటికి అయిదు నిమిషాల ముందే రాయి మీద కూర్చున్నాను. సర్దార్ చూశాడు. బెల్లు కొట్టకముందే ఆట తెరిచినవాడి పేరు రాసుకోవడం ఆయన పని. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడు, తుడవడం ఎంతకీ అవలేదు.

రెండు దాటి మూడు నిమిషాలకు ఆమె బొమ్మ వచ్చింది.

వచ్చి, కదలలేదు. నేను ముందున్నానని చూసింది. ఇరవై సెకన్లు అట్లాగే ఉంది. నాకు లెక్కపెట్టే జబ్బు ఉంది కాబట్టి తెలుసు. తెగిందేమో అనుకున్నాను. తాడును రెండుసార్లు లాగాను. అటు నుంచి రెండుసార్లు లాగింది.

నడిచాం. నాలుగో నిమిషం. ఆరో నిమిషం. ఏడు. ఆమె కాళ్లు ఆగి ఆగి కదలలేదు. గాలంతా నా పలకే లెక్కపెడుతోంది, గోనె కింద నుంచి ఆవిరి లేస్తోంది. తొమ్మిది. మధునవ్వ చెంబుతో గోనె మీద నీళ్లు చిలకరించడం మొదలుపెట్టింది. పన్నెండు. ఆమెతో కలిసి ఎప్పుడూ తొక్కని చెక్కలు వచ్చాయి. పదమూడో నిమిషంలో నా ఫ్రేములు నలభై ఒకటికి పడ్డాయి, నడక మొదలు కాకముందే ఎనిమిది నిమిషాలు తెరిచి ఉంచానుగా. అవ్వ చెంబు మొత్తం వంచేసింది. ముప్పై ఆరు. ముప్పై నాలుగు. అక్కడ ఆగింది.

అరుగు వచ్చింది. చిన్నది. ఇద్దరు కూర్చుంటే నిండిపోతుంది. గొంతు గుర్తు వెలిగింది.

అడగాల్సినవన్నీ వరసగా పెట్టుకున్నాను.  మొదటిది అడిగేలోపే అటు నుంచి ఒక చప్పుడు వచ్చింది. రేకు మీద ఎవరో టాప్ కొట్టి చూస్తున్నట్టు. ఒకరు కాదు, వందమంది, ఆపకుండా, అన్నిచోట్లా ఒకేసారి. బాయిలో పుట్టినవాడికి అట్లాంటి చప్పుడుకు అర్థం ఒకటే.

"టాప్ వదులైంది, లే. బయటికి ఉరుకు," అని అరిచాను. అన్నం తింటున్నవాళ్లంతా నా వైపు తిరిగారు. ఇద్దరు లేచి నిలబడ్డారు కూడా.

ఆమె నవ్వింది. పద్నాలుగు నెలల తర్వాత నేను విన్న మొదటి గొంతు ఆ నవ్వు.

"టాప్ కాదు మొగిళీ. వాన. మూడొద్దుల సంది ఒక్కతీరుగ పడ్తుంది. రేకు కారి పలక తడుస్తదని తియ్యలే. ఆగు, జర ఇను."

పలకను రేకుకు దగ్గరగా ఎత్తి పట్టినట్టుంది. చప్పుడు పెద్దదైంది. అలవాటు చొప్పున, ఖంగుమంటోందా, డొల్లగా ఉందా అని విన్నాను. రెండూ కాదు. మధునవ్వ వచ్చి తన చెవి నా చెవి పక్కన పెట్టింది. కళ్లు మూసుకుంది. ఆమె పదేళ్ల పిల్లలా ఉంది.

తర్వాత భూదేవి అడిగింది. "ఇయ్యాల ముందుగాల వచ్చినవేంది?"

"మొన్న బుధవారం నుంచి ముందే వస్తున్న," అన్నాను.

 నా గోనె ఆరిపోయింది. ఫ్రేములు ముప్పై ఒకటి. ఆమె ఏదో అనడం మొదలుపెట్టింది. నా పేరు వరకు వినిపించింది. ముప్పై. ఈసారి జారింది నేను.

ఫలితం గురించి. ఆమె పలక పదహారున్నర నిమిషాలు ఆగింది. బరువు నేను మోసినందుకు ఆగిందో, వాన వల్ల రేకుగది చల్లబడి ఆగిందో ఇక్కడి నుంచి చెప్పలేను. గది వేడి తెలియని పరీక్ష లెక్కలోకి రాదు. ఈ మాట ఇప్పుడు నాకు బాగా తెలుసు.

కాబట్టి పరీక్ష మళ్లీ చేయాలి. అక్కడే చేయాలి. రేకుగదిలో, నలభై ఆరులో ఒకసారి, వానలో ఒకసారి. మందపు పలకలు వస్తే వాటిని కూడా అక్కడే ఆడి చూశాకే ముద్ర వేయాలి. దీనికి చీటీ అవసరం లేదు, చెయ్యెత్తుతున్నాను. బండి పదకొండో తేదీన పోతుంది. సంచి సర్దుకున్నాను. టాప్ కొట్టే కడ్డీ కూడా పెట్టుకున్నాను, అక్కడ తట్టడానికి రేకు ఉందిగా.

సర్దార్, ఈ గడిని మీరు చదవరని తెలుసు. ఈ ఒక్కసారి చదవండి. చదివితే కింద మీ పేరు పూర్తిగా రాయండి.